విశాఖ నుంచి పూరీ: టిఫిన్‌కి శ్రీకాకుళంలోనే ఆగండి

తెల్లవారుజామున 5కి విశాఖలో బయలుదేరి కారులో పూరీ వెళ్తున్నాం, నాన్నగారు షుగర్‌కి ఇన్సులిన్ వేసుకుంటారు, టిఫిన్‌కి ఎక్కడ ఆగాలి అని అడిగారు కదండీ.

శ్రీకాకుళంలోనే ఆగండి. వంద కిలోమీటర్ల పైచిలుకు, ఏడున్నరలోపు వచ్చేస్తారు. హైవే ఊరి పక్కనుంచి పోతుంది కాబట్టి ఊళ్లోకి తిరగాలి. ఆ పదినిమిషాలకి బద్ధకించి ‘ముందు ఇంకా మంచిది దొరుకుతుందిలే’ అనుకున్నారో, నరసన్నపేట, టెక్కలి దాటిపోయి పలాస వచ్చేస్తుంది.

మేం సరిగ్గా అదే చేశాం. మా మామయ్యగారు టైమైందని కారులోనే ఇంజెక్షన్ వేసేసుకున్నారు. చివరికి ఆగిన హోటల్లో ‘ఐదు నిమిషాలు సార్’ అంటూ ముప్పావుగంట కూర్చోబెట్టారు. తిండి పడక ఆయనకి షుగర్ పడిపోయి చేతులు వణికి, చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది. టీ కౌంటర్లో పంచదార అడిగి, నీళ్లలో కలిపి తాగిస్తే తేరుకున్నారు. అందుకే ఇడ్లీ ప్లేటు ముందుకొచ్చాకే సూది తీయమనండి. గ్లూకోజ్ పొడి డిక్కీలో కాదు, చేతిసంచిలో పెట్టుకోండి. ఇన్సులిన్‌ని ఎండపడే డాష్‌బోర్డు మీద మాత్రం పెట్టకండి.

హోటల్ ఏదంటారా? పేరు కన్నా ఇడ్లీ పాత్ర చూడండి. మూత తీస్తే ఆవిరి కొట్టాలి. మధ్యాహ్నం అయితే కొబ్బరి చట్నీ జోలికి పోవద్దు.

భోజనానికి ఇచ్ఛాపురం దాటాక బరంపురం ఉంది, అక్కడ తెలుగూ నడుస్తుంది. పలాస జీడిపప్పు తిరుగు ప్రయాణంలో కొనుక్కోండి, వెళ్లేటప్పుడు కొంటే పూరీ చేరేలోపు పిల్లలు ఖాళీ చేసేస్తారు.