బెస్సీ స్మిత్‌ను ఆసుపత్రి గుమ్మం నుంచి తిప్పి పంపారా?

ప్రశ్న: బ్లూస్ అనే అమెరికా నల్లజాతీయుల సంగీత శైలిలో పాడిన గాయని బెస్సీ స్మిత్ కారు ప్రమాదంలో గాయపడినప్పుడు, శ్వేతజాతీయుల ఆసుపత్రి చేర్చుకోనందువల్లే మరణించారని చదివాను. నిజమేనా? ఆమె పాటల్లో ముందుగా ఏది వినాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: నిజం కాదు. 1937 సెప్టెంబరు 26 తెల్లవారుజామున మిసిసిపీ రాష్ట్రంలోని క్లార్క్స్‌డేల్ సమీపంలో ఆమె కారు ఒక ట్రక్కును ఢీకొంది. కుడి చేయి మోచేతి దగ్గర దాదాపు తెగిపోయింది. అటుగా వచ్చిన డాక్టర్ హ్యూ స్మిత్ రోడ్డు మీదే ప్రథమ చికిత్స చేశారు. ఆమెను నేరుగా నల్లజాతీయుల ఆసుపత్రికే తీసుకువెళ్లారు. ఆ ఉదయమే అక్కడ కన్నుమూశారు. మీరు చదివిన కథ, కొద్ది వారాలకే రికార్డుల నిర్మాత జాన్ హామండ్ ఒక సంగీత పత్రికలో విన్నమాటగా రాసిన దానితో వ్యాపించింది. అయితే ఆ ప్రాంతంలో నల్లజాతి మనిషిని శ్వేతజాతీయుల ఆసుపత్రికి తీసుకువెళ్లాలన్న ఆలోచన ఏ అంబులెన్స్ డ్రైవరుకూ వచ్చేది కాదని ఆ డాక్టరే తర్వాత చెప్పారు కనుక, జనం ఆ కథను నమ్మడంలో వింతేమీ లేదు.

నన్నడిగితే, మరణం కన్నా ఆమెకు ముట్టిన డబ్బు సంగతే ఎక్కువ చర్చించదగినది. టెనెసీలోని చాటనూగాలో చిన్ననాడే తల్లిదండ్రులను పోగొట్టుకుని, అన్న గిటారు వాయిస్తుంటే వీధుల్లో పాడి డబ్బులు పోగేసిన ఈ అమ్మాయి, 1923లో కొలంబియా సంస్థకు తొలి రికార్డు ఇచ్చి, చూస్తుండగానే దేశంలో అత్యధిక పారితోషికం అందుకునే నల్లజాతి కళాకారుల్లో ఒకరయ్యారు. కానీ ఆ పారితోషికం ప్రధానంగా వేదికల మీదిది. రికార్డుకు పాటకింతని ఒకసారి ఇచ్చేవారు, ఎన్ని అమ్ముడైనా రాయల్టీ లేదు. మొదట్లో పాటకు 125 డాలర్లు పలికిన గొంతుకు, ఆర్థిక మాంద్యం దెబ్బతో రికార్డుల వ్యాపారం కుదేలయ్యాక, 1933లో జరిగిన చివరి రికార్డింగులో దక్కింది 37.50 డాలర్లు.

ఇక వినడానికి, 1925 జనవరిలో పాడిన ‘సెయింట్ లూయిస్ బ్లూస్’తో మొదలుపెట్టండి. మైకు రాకముందు, గరాటులాంటి కొమ్ములోకి పాడి చేసిన రికార్డు అది. వెనుక ఫ్రెడ్ లాంగ్‌షా వాయించే హార్మోనియం మనకు పరిచయమైన నాదమే. ఒక్కొక్క పాదం ముగిసి ఆమె ఊపిరి తీసుకునే ఆ కాస్త ఖాళీలో, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఊదే కార్నెట్ అనే చిన్న బాకా జవాబు చెబుతూ ఉంటుంది.