సీఆర్‌ఎఫ్‌లో ఉంది, ఎస్‌డీటీఎమ్‌లో గది లేదు. సప్‌లో పడేయొచ్చా?

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. ఒంగోలు, పొదిలి, కనిగిరి వైపు పేషెంట్లతో జరిగిన ఒక స్టడీ డేటాను ఎస్‌డీటీఎమ్‌లోకి, అంటే మందుల పరీక్షల డేటాను అప్పగించే ప్రమాణ పట్టికల రూపంలోకి, మారుస్తున్నావు. పేషెంట్ వివరాలు రాసే ఫారం సీఆర్‌ఎఫ్‌లోని మూడు ప్రశ్నలకు ఎక్కడా గది దొరకలేదు: వాడుతున్న మందు ఎవరిచ్చారు, తాగే నీళ్లు ఎక్కడివి, అడ్వర్స్ ఈవెంట్ (స్టడీలో ఉండగా వచ్చిన ఆరోగ్య సమస్య) పని మీద ఉండగా వచ్చిందా. మీ సీనియరేమో అన్నీ సప్‌లో, అంటే అసలు పట్టికకు తోడుగా ఉండే అదనపు పట్టికలో, పడేయమన్నాడు. నీకేమో అసలు డేటాసెట్‌లోనే ఇంకో కాలమ్ పెడితే ఏం పోయిందనిపిస్తోంది.

నేను హైదరాబాదులో ఒక సీఆర్‌ఓలో (మందుల కంపెనీల తరఫున స్టడీలు నడిపే సంస్థ) కొన్నేళ్లు ఇదే పని చేసి, ఇప్పుడు కావలిలో ఇంటి నుంచే చేస్తున్నాను. మీ ఇద్దరి మాటా సగమే ఒప్పు అంటాను.

ముందు నీ మాట. సొంత కాలమ్ కలపడం కుదరదు. 2016 డిసెంబర్ 17 తర్వాత మొదలైన స్టడీలకు అమెరికా ఎఫ్‌డీఏ కొత్త మందుల దరఖాస్తుల్లో ఈ ప్రమాణ రూపంలోనే డేటా అడుగుతుంది. ఎస్‌డీటీఎమ్ మోడల్‌లో లేని పేరు పేరెంట్ డేటాసెట్‌లో, అంటే అసలు పట్టికలో, కనిపిస్తే వాలిడేషన్‌లోనే పట్టుకుంటారు. అయితే చాలామంది మర్చిపోయే వెసులుబాటు ఒకటుంది. ఇంప్లిమెంటేషన్ గైడ్‌లో ఒక డొమైన్ (ఒక రకం డేటా పట్టిక) కింద చూపించని వేరియబుల్ (కాలమ్) అయినా, అదే తరగతికి మోడల్‌లో ఉంటే దాన్ని పేరెంట్‌లోకే తెచ్చుకోవచ్చు. అందుకని సప్ అనే ముందు మోడల్ పట్టిక ఒకసారి తిరగేయి. వెర్షన్ కూడా చూసుకో. లాబ్ ఫలితం క్లినికల్‌గా ముఖ్యమా కాదా అనే గుర్తు ఎన్నో ఏళ్లు సప్‌ఎల్‌బీలోనే (లాబ్ డొమైన్ ఎల్‌బీకి ఉండే సప్) ఉండేది, 3.4 గైడ్ వచ్చేసరికి ఎల్‌బీలోనే దానికి చోటు దొరికింది. పాత ప్రోగ్రామ్ కాపీ కొట్టే చోట్ల ఇంకా సప్‌లోకే తోస్తుంటారు.

ఇక సీనియర్ మాట. సప్ అంటే మిగిలినవన్నీ పడేసే అటక కాదు. దాని అసలు పేరే సప్లిమెంటల్ క్వాలిఫయర్, అంటే అప్పటికే ఉన్న ఒక వరుసకు ఇంకో గుణం చేర్చేది. కాబట్టి నేను ప్రతిసారీ వేసుకునే ప్రశ్న ఒకటే: ఈ విలువ ఏ వరుసది? జవాబు వెంటనే వస్తే సప్. వరుస కోసం వెతుక్కోవాల్సి వస్తే అది ఇంకో డొమైన్ సరుకు.

మందు ఎవరిచ్చారన్నది వాడుతున్న మందుల డొమైన్ సీఎంలోని ఆ మందు వరుసదే, సందేహం లేదు. మన వైపు ఇది ఊరికే అడిగిన ప్రశ్న కూడా కాదు. ఆర్‌ఎంపీ దగ్గర మాత్రలు చాలాసార్లు పేరు లేని కాగితం పొట్లంలో వస్తాయి. సీఎంలో మందు పేరు తెలియదని రాసి ఉంటే, ఎందుకు తెలియలేదో చెప్పేది ఈ జవాబే. కనుక వదిలేయకు. సప్‌సీఎంలో వరుస ఇలా ఉంటుంది: ఆర్‌డొమైన్‌లో సీఎం, ఐడీవార్‌లో వరుసను గుర్తించే కాలమ్ పేరు సీఎంసీక్, ఐడీవార్‌వాల్‌లో ఆ మందు సీక్వెన్స్ నంబరు, క్యూనామ్‌లో గుణం పేరు సీఎంసోర్స్, క్యూవాల్‌లో దాని విలువ ఆర్‌ఎంపీ, క్యూఆరిజ్‌లో అది వచ్చిన చోటు సీఆర్‌ఎఫ్. విలువ ఎవరు తేల్చారో రాసే క్యూఇవాల్ ఖాళీ. అడ్జుడికేషన్ కమిటీ లాంటివాళ్లు తమ అభిప్రాయంతో తేల్చిన విలువైతేనే దానితో పని. క్యూనామ్ ఇంగ్లీషులో 8 అక్షరాలు దాటకూడదు, అంకెతో మొదలు కాకూడదు. సీఎంసోర్స్ సరిగ్గా 8కి సరిపోయింది, నీ అదృష్టం. గుణం వివరణ రాసే క్యూలేబుల్‌కు 40 అక్షరాలు. జవాబు రాయని పేషెంటుకు వరుసే పెట్టకు, ఖాళీ క్యూవాల్ ఉండకూడదు.

తాగే నీళ్ల సంగతి వేరు. 1937లో షార్ట్ బృందం మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట నమోదు చేసింది అప్పటి నెల్లూరు జిల్లాలో. పొదిలి, కనిగిరి, దర్శి అప్పుడు నెల్లూరు జిల్లావే, ప్రకాశం ఏర్పడింది 1970లో. ఆ ఊళ్లలో బోరు నీళ్లా, ఆర్‌ఓ క్యానా అని అడగని స్టడీ ఉంటేనే ఆశ్చర్యపోవాలి. మీ సీనియర్ దీన్ని సప్‌డీఎమ్ (వయసు, జాతి లాంటి వివరాలుండే డీఎమ్‌కు సప్) అంటాడు, డీఎమ్‌లో మనిషికో వరుస కాబట్టి ఐడీవార్ ఖాళీగా వదిలేస్తే చాలు, పని తేలిక. నేను ఒప్పుకోను. అది డీఎమ్ వరుసలోని వయసుకో జాతికో చేర్చే గుణం కాదు. మనిషి గురించి విడిగా అడిగిన ప్రశ్న, విడిగా వచ్చిన జవాబు. చదువు, పెళ్లి వివరాలు పెట్టే ఎస్‌సీలో ఒక టెస్ట్‌గా పెట్టు, అడిగిన తేదీ కూడా దాని పక్కనే ఉంటుంది. మూత్రంలో ఫ్లోరైడ్ కొలిచి ఉంటే అది ఎల్‌బీ, చర్చే లేదు. సప్‌డీఎమ్‌కు తగినది కావాలంటే, ఒకటి కంటే ఎక్కువ జాతులు టిక్ పెట్టినప్పుడు డీఎమ్‌లో మల్టిపుల్ అని రాసి, విడి జాతులను రేస్1, రేస్2గా సప్‌లోకి పంపడం చూడు.

మూడోది, పని మీద ఉండగా వచ్చిందా. అవును, కాదు వరకే అయితే సప్‌ఏఈ (అడ్వర్స్ ఈవెంట్ల డొమైన్ ఏఈకి సప్). కానీ ఫారంలో ఆ కింద ఎండలో ఎన్ని గంటలున్నాడు, ఒంటి వేడి ఎంత చూశారు అని కూడా ఉందేమో చూడు. రొయ్యల చెరువుల దగ్గరా గ్రానైట్ క్వారీల దగ్గరా పనిచేసేవాళ్లను తీసుకున్న స్టడీ అయితే తప్పకుండా ఉంటుంది. గంటలకు యూనిట్ ఉంది, కొలిచిన సమయం ఉంది, రెండుసార్లు కొలిచి కూడా ఉండొచ్చు. సప్‌లో యూనిట్‌కు చోటే లేదు. ఒంటి వేడి వైటల్ సైన్స్ (నాడి, బీపీ లాంటి కొలతలు) డొమైన్‌లోకి పోతుంది, ఎండలో గంటలు ఎఫ్‌ఏలోకి, అంటే ఫైండింగ్స్ అబౌట్‌లోకి. దాన్ని ఏఈ వరుసతో రెల్‌రెక్ (వేర్వేరు డొమైన్ల వరుసలను కలిపే పట్టిక) ద్వారా కట్టు.

వాక్యాలుగా రాసిన కామెంట్లు సీఓ డొమైన్‌లోకి వెళ్తాయి, సప్‌లోకి కాదు. ఏఈ పేరే 200 అక్షరాలు దాటితే మాత్రం మొదటి 200 పేరెంట్‌లో ఉంచి, మాట మధ్యలో విరగకుండా మిగతాది ఏఈటెర్మ్1 పేరుతో సప్‌లో పెట్టాలి.

ఇప్పుడు నువ్వు అడగని సంగతి. నాకు తెలిసి ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. సప్ వరుసకు పేరెంట్‌తో ఉన్న బంధం పేషెంట్ ఐడీ, ఆ సీక్వెన్స్ నంబరు, అంతే. ఒక స్టడీలో కొత్త డేటా రాగానే ఏఈని మళ్లీ రన్ చేశారు, సప్‌ఏఈని ముందటి రన్‌దే ఉంచేశారు. మధ్యలో ఒక ఈవెంట్ చేరడంతో నంబర్లన్నీ జరిగాయి. వడదెబ్బ వరుసకు ఉండాల్సిన పని మీద అనే గుర్తు పక్కనున్న జ్వరానికి అతుక్కుంది. ఇల్లు మారినవాళ్ల పాత చిరునామాకు మనియార్డరు పంపితే, ఇప్పుడు అక్కడుంటున్నవాళ్లు సంతకం పెట్టి తీసుకున్నట్టు. వాలిడేషన్ సాఫ్ట్‌వేర్ పినాకిల్ 21 ఏమీ అనలేదు, ఎందుకంటే సప్‌లోని ప్రతి నంబరుకూ ఏఈలో వరుస ఉంది. పేరెంట్ లేని సప్ వరుసను అది పట్టుకుంటుంది, తప్పు పేరెంట్‌ను పట్టుకోలేదు.

అందుకే నేను సప్‌ను విడి ప్రోగ్రామ్‌గా రాయనివ్వను. పేరెంట్ తయారయ్యే ప్రోగ్రామ్‌లోనే, సీక్వెన్స్ నంబరు వేశాక, అదే డేటాసెట్ నుంచి సప్ తీయాలి. ఆ తర్వాత ట్రాన్స్‌పోజ్ చేసి (వరుసలను కాలమ్‌లుగా తిప్పి) పేరెంట్‌తో తిరిగి కలిపి, రా డేటాలోని ఫారం లైన్ నంబరుతో సరిచూడాలి. కలిపేటప్పుడు ఐడీవార్‌వాల్ క్యారెక్టర్, ఏఈసీక్ న్యూమరిక్ అని గుర్తుంచుకో. సాస్‌లో పుట్ ఫంక్షన్‌తో మార్చి స్ట్రిప్ చేయకపోతే ముందున్న ఖాళీల వల్ల ఒక్కటీ కలవదు. ఒకే సప్‌లో రెండు రకాల ఐడీవార్‌లుంటే, కొన్ని సీక్వెన్స్ మీద, కొన్ని గ్రూప్ ఐడీ మీద ఉన్నాయనుకో, వేటికవి విడిగా కలపాలి.

డేటాసెట్ల వివరాలు చెప్పే డిఫైన్ ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలులో క్యూవాల్‌కు ఒక్క వరుస రాసి ఊరుకోకు. ప్రతి క్యూనామ్‌కూ విడి వివరణ, అంటే వేల్యూ లెవెల్ మెటాడేటా కావాలి, సీఎంసోర్స్‌కైతే దాని కోడ్‌లిస్ట్ (ఉండదగిన జవాబుల జాబితా) కూడా. అనొటేటెడ్ సీఆర్‌ఎఫ్ మీద ఆ ప్రశ్న పక్కన సీఎంసోర్స్, సప్‌సీఎం అని రాయి. నీళ్ల ప్రశ్న పక్కన ఎస్‌సీ టెస్ట్ కోడ్ రాసి మీ సీనియర్‌కు చూపించు. అతను కాదంటే, ఆ తేదీని సప్‌డీఎమ్‌లో ఎక్కడ పెట్టమంటాడో అడుగు.