‘వేట దేవత’ ఎవరి పక్షం?

సందేహం: మా అబ్బాయి, వాడి స్నేహితులు ఆదివారాలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, కథ చెప్పుకుంటూ పాత్రలుగా ఆడే ఆట ఆడుకుంటారు. ఆట కథను ఈమధ్య తెలుగులో చెప్పుకోవడం మొదలుపెట్టారు. అందులో అడవికీ వేటకూ సంబంధించిన దేవుళ్లు చాలామంది వస్తారు. సిల్వానస్‌ను ‘ప్రకృతి దేవుడు’ అనీ, మియెలిక్కిని ‘వేట దేవత’ అనీ రాసుకున్నారు. ఇంకో ఆటలో ఉండే హిర్సీన్‌ను ‘మృగదేవత’ అన్నారు. ‘వేట దేవత’ అని చదువుతుంటే మా అమ్మ విని, “ఏ తల్లికిరా యాట?” అని అడిగింది. పిల్లలు నవ్వారు గానీ నాకు సందేహం మిగిలింది. ఈ మాటల్లో ఏది సరైనది? మగ దేవుణ్ణి దేవత అనవచ్చా? తల మీద కొమ్ములున్న దేవుణ్ణి ఏమనాలి? – ఒక పాఠకుడు, కరీంనగర్

సమాధానం: మీ అమ్మగారి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అసలు చిక్కును ముందుగా పట్టుకున్నది ఆవిడే. తెలుగులో ‘వేట’కు రెండు అర్థాలు ఉన్నాయి. ఒకటి జంతువును వెంటాడి కొట్టడం. తమిళంలో వేట్టై, కన్నడంలో బేటె ఈ మాటకు చుట్టాలు. రెండోది మేకపోతు, గొర్రెపోతు, ముఖ్యంగా అమ్మవారికి బలి ఇచ్చేది. కోస్తాలో ‘వేట మాంసం’ అన్నా, మీ వైపు ‘యాట కూర’ అన్నా ఇదే మాట. వేప యాప అయినట్టే, వేళ యాళ అయినట్టే వేట యాట అయింది. కాబట్టి ‘వేట దేవత’ అన్నప్పుడు వేటాడే దేవత అనీ, వేటను కోరే దేవత అనీ రెండు విధాలా వినబడుతుంది. బోనాలు, జాతరలు చూస్తూ పెరిగిన చెవికి రెండోదే ముందు తోస్తుంది. ఆవిడ విన్నది తప్పు కాదని పిల్లలకు చెప్పండి.

అయితే మొదటి అర్థమే తీసుకున్నా ‘వేట దేవత’ అనే మాట మియెలిక్కికి నప్పదు. ఇది వ్యాకరణం వల్ల వచ్చిన చిక్కు కాదు, ఆమె కథ వల్ల వచ్చింది.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట 1974లో అమెరికాలో అచ్చయింది. దాన్ని నడిపినవాళ్లు లోకంలోని పురాణాలన్నిటి నుంచీ దేవుళ్లను తెచ్చుకున్నారు. మియెలిక్కి వాళ్లు కల్పించిన పేరు కాదు, ఫిన్లండ్ జానపద గేయాల్లోది. ఎలియాస్ లోన్రోట్ అనే వైద్యుడు ఊరూరా తిరిగి ఆ గేయాలు సేకరించి, 1835లో ‘కాలెవాల’ పేరుతో కూర్చాడు. 1849లో దాన్ని పెంచి మళ్లీ వేశాడు. అందులో అడవికి రాజు తపియో, అతని భార్య మియెలిక్కి. లెమ్మిన్‌కాయినెన్ అనే వీరుడు పెద్ద దుప్పి లాంటి ఒక జంతువును పట్టుకోవాలి. ఎంత తరిమినా దొరకదు. చివరకు పరుగు మాని పాట ఎత్తుకుంటాడు. అడవి ఇల్లాలా, నీ దగ్గరున్న బంగారు తాళంచెవులు తీసి తపియో గాదె తెరువు, నాకు రావలసినది బయటికి పంపు అని వేడుకుంటాడు. ఆమె కరుణించాకే జంతువు దొరుకుతుంది.

ఈ ఊహ చూడండి. అడవి ఒక ఇల్లు. అందులో తిరిగే జంతువులు ఆ ఇంటి గాదెలో ధాన్యం. తాళాలు ఇల్లాలి దగ్గర ఉంటాయి. వేటగాడు గుమ్మం దగ్గర నిలబడి అడుక్కునేవాడు. మూలంలో ఆమెను పిలిచిన మాట ‘మెత్సాన్ ఎమాంతా’. మెత్సా అంటే అడవి, ఎమాంతా అంటే ఇంటినీ పొలాన్నీ నడిపే ఇల్లాలు. అలాంటామెను ‘వేట దేవత’ అంటే ఇంటావిడను అతిథి పేరుతో పిలిచినట్టు ఉంటుంది. ‘అడవి ఇల్లాలు’ అంటే సరిగ్గా అతుకుతుంది. ‘అడవి దొరసాని’ అని ఎవరైనా సూచించవచ్చు గానీ, తెలంగాణలో దొరసాని అన్న మాటకు గడీల బరువు ఉంది. అది ఇక్కడ వద్దు.

దేవతల పేర్లు తెలుగు చేసేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న ఇదేనని నా నమ్మకం: ఈ దేవత వేటగాడి పక్షమా, జంతువుల పక్షమా? ‘గాడెస్ ఆఫ్ ది హంట్’ అనే ఇంగ్లీషు మాట ఈ తేడాను దాచేస్తుంది. తెలుగులో రెంటికీ వేరు వేరు మాటలు ఉన్నాయి.

గ్రీకుల దేవత ఆర్టెమిస్ రెండు పక్షాలా ఉంటుంది, అందుకే ఆమెకు పేరు పెట్టడం కష్టం. విల్లు పట్టి వేటాడుతుంది. కానీ గ్రీకుల ఇతిహాసం ఇలియడ్ 21వ సర్గలో ఆమెను ‘పోట్నియా థేరోన్’ అన్నారు, అంటే అడవి జంతువుల రాణి. ఆమెకు చెందిన లేడిని గ్రీకు సేనల నాయకుడు అగమెమ్నోన్ చంపినందుకు ట్రాయ్‌కి పోవలసిన ఓడలన్నీ గాలి లేక ఆగిపోయాయని కథ. స్నానం చేస్తుండగా చూసిన ఆక్టియోన్ అనే వేటగాణ్ణి ఆమె దుప్పిగా మార్చింది, వాడి కుక్కలే వాణ్ణి చీల్చేశాయి. వేటాడే రూపాన్ని చెప్పేటప్పుడు ఆమెను ‘వేటగత్తె’ అనండి. అందగాడుకు అందగత్తె ఎలాగో వేటగాడుకు వేటగత్తె అలాగ. మంచి మాట, వాడక తగ్గిపోతోంది, పిల్లల ఆట వల్లనైనా తిరిగి వస్తే నాకు సంతోషం. జంతువులను కాచే రూపానికి ‘మృగమాత’ అనవచ్చు. ‘మృగతల్లి’ మాత్రం వద్దు. సంస్కృత పదానికి తెలుగు పదాన్ని అలా అతికించడం పాత వ్యాకర్తలు ఒప్పుకోలేదు. ఆ పట్టింపు పక్కన పెట్టినా చెవికి నప్పదు. తెలుగే కావాలంటే ‘మెకాల తల్లి’ అనండి. మృగానికి వికృతి మెకం.

ఈ మృగమాత అన్న మాట నేను పుట్టించింది కాదు. ఋగ్వేదం పదో మండలంలో 146వ సూక్తం అరణ్యాని అనే దేవతను గురించినది. ఆరే మంత్రాలు. దున్నకుండానే పుష్కలంగా తిండి ఉన్నది, ‘మృగాణాం మాతరమ్’ – మృగాలకు తల్లి – అని ఆమెను పొగిడారు. ఫిన్లండ్ గాదె తాళాల ఇల్లాలికీ, దున్నకుండా తిండి పెట్టే ఈ తల్లికీ చరిత్రలో సంబంధం ఉందని నేను అనడం లేదు. అడవి మీద బతికిన మనుషులకు ఎక్కడైనా ఇలాంటి తల్లి తోచినట్టుంది, అంతవరకే చెప్పగలను.

ఇప్పుడు మృగం. సంస్కృతంలో దీనికి మొదట అడవి జంతువు అని అర్థం, తర్వాత ముఖ్యంగా లేడికి స్థిరపడింది. మృగయ అంటే వేట. మృగ్ అనే ధాతువుకు వెతకడం, వెంటాడడం అని అర్థం. మనం రోజూ అనే ‘మార్గం’ కూడా ఈ కుటుంబంలోదే. జంతువు నడిచిన జాడ దానికి పాత అర్థాల్లో ఒకటి. తెలుగులో మాత్రం మృగం అంటే క్రూరజంతువు. ‘వాడు మనిషి కాదు, మృగం’ అంటాం, లేడిని తలుచుకుని అనం. కాబట్టి ‘మృగదేవత’ అనగానే తెలుగు పాఠకుడికి కోరలు గుర్తొస్తాయి. సౌమ్యమైన దేవతకు ఆ పేరు పెట్టకండి.

అదే హిర్సీన్‌కు వచ్చేసరికి ఆ కోరలే పనికొస్తాయి. ది ఎల్డర్ స్క్రోల్స్ అనే వీడియో ఆటల్లో అతను వేటకు అధిపతి, మనిషి తోడేలుగా మారే జాతులకు తండ్రి. అతన్ని ‘మృగదేవుడు’ అనవచ్చు, ‘వేట దేవుడు’ అన్నా తప్పు లేదు, ఎందుకంటే అతను నిజంగానే వేటగాడి పక్షం. ఇక్కడ మీ అమ్మగారికి ఒక ముచ్చట చెప్పండి. హిర్సీన్ అన్న మాట లాటిన్‌లో మేకపోతుకు పేరైన ‘హిర్కుస్’ నుంచి వచ్చింది. అంటే వేట దేవుడి పేరులోనే వేటపోతు ఉంది. ఇది కాకతాళీయమే, రెండు భాషలకూ చుట్టరికం ఏమీ లేదు. అయినా ఆవిడ వేసిన ప్రశ్న ఈ దేవుడికి ఎంత చక్కగా తగిలిందో!

వేటగాడూ, జంతువులకు ప్రభువూ ఒకరే అయిన కథ మనకూ ఉంది. ఐతరేయ బ్రాహ్మణం అనే వైదిక గ్రంథంలో ప్రజాపతి తప్పు చేసి జింక రూపంలో పరుగెడతాడు. దేవతల మాట మీద రుద్రుడు బాణం వేస్తాడు. అందుకు వరంగా పశువుల మీద ఆధిపత్యం కోరుకుంటాడు. బాణం వేసినవాడే పశుపతి అయ్యాడు. ఆ జింక ఆకాశంలో మృగశిర, వేటగాడు మృగవ్యాధుడు అనే సిరియస్ నక్షత్రం, మధ్యలో వరసగా ఉన్న మూడు చుక్కలు బాణం. అదే నక్షత్రాల గుంపును గ్రీకులు ఒరాయన్ అనే వేటగాడిగా చూశారు. వాళ్లకు వేటగాడు కనిపించిన చోట మనవాళ్లకు బాణం తగిలిన జింక కనిపించింది. మృగశిర కార్తె వచ్చిందని చేపలు కొనుక్కునే రోజున ఈ సంగతి పిల్లలకు చెబితే బాగుంటుంది.

‘ప్రకృతి దేవుడు’ గురించి. ఈ మాటలో నాకు రెండు ఇబ్బందులు కనిపిస్తాయి. ప్రకృతి స్త్రీలింగం, సాంఖ్య దర్శనంలో పురుషుడికి ఎదురుగా నిలిచే తత్వం. ఆమె పక్కన ‘దేవుడు’ పొసగడు. ‘ప్రకృతి మాత’ అలవాటైనంతగా ఇది అలవాటు కాకపోవడానికి కారణం అదే. రెండో ఇబ్బంది, ప్రకృతి మరీ పెద్ద మాట: సముద్రం, ఎండ, వాన అన్నీ అందులో వచ్చేస్తాయి. సిల్వానస్ రోమన్లకు అంత పెద్ద దేవుడు కాడు. లాటిన్‌లో ‘సిల్వ’ అంటే అడవి, ఆ పేరుకు అర్థం అడవివాడు అనే. పొలం గట్లనూ, పశువుల మందలనూ, అడవి అంచునూ కాచేవాడని రైతులు మొక్కేవారు. నాకైతే మన ఊళ్లలో పొలిమేర కాచే పోతురాజు గుర్తొస్తాడు. 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 ఆటలో అడవి తోపులోని మునులు కొలిచే సిల్వానస్ ఇతనే. ‘అడవి దేవుడు’ చాలు. ఇంకాస్త గౌరవం కావాలంటే ‘అడవి దేవర’.

మరి వనదేవత? శాకుంతలంలో శకుంతలను అత్తవారింటికి పంపేటప్పుడు నగలు ఇచ్చింది వనదేవతలే. కానీ ఈ రోజు తెలుగు పత్రిక తెరిస్తే ‘వనదేవతలు’ అంటే మేడారం సమ్మక్క, సారలమ్మలే. వాళ్లు వేటకో చెట్లకో అధిపతులు కారు, తమవాళ్ల కోసం పోరాడి అడవిలో కలిసిపోయిన వీరవనితలు. కోట్లమంది భక్తితో తలిచే ఆ పేరును ఆటలోని పాత్రకు పెట్టకపోవడం మర్యాద అని నా అభిప్రాయం. మాట తప్పు అని కాదు.

దేవత అన్నది మగవారికి చెల్లుతుందా అన్నారు. సంస్కృతంలో చెల్లుతుంది. దేవ శబ్దానికి ‘తా’ ప్రత్యయం చేరి అదే అర్థంలో దేవతా అయింది. ‘తా’ చేరిన మాటలు స్త్రీలింగాలు, కాబట్టి వ్యాకరణానికి స్త్రీలింగం, అర్థానికి ఎవరైనా కావచ్చు. ‘ఈ మంత్రానికి దేవత అగ్ని’ అంటాం. ఇష్టదేవత రాముడు కావచ్చు, కులదేవత నరసింహస్వామి కావచ్చు. ‘దేవతలు’ అన్నప్పుడు ఇంద్రుడూ వాయువూ అందరూ వస్తారు. తెలుగులో ఏకవచనంలో విడిగా ‘దేవత’ అన్నప్పుడే ఆడవారికి పరిమితమైంది. ‘సిల్వానస్ అనే దేవత వచ్చాడు’ అంటే ఎవరి చెవికైనా గుచ్చుకుంటుంది. ‘హిర్సీన్ వేటకు అధిదేవత’ అంటే ఎవరికీ గుచ్చుకోదు. సమాసంలో నిలిచిన పాత అర్థాన్ని సమాసంలోనే వాడుకోవడం మేలు.

ఇక కొమ్ములు. పిల్లల ఆటల్లో కొమ్ములతో కనిపించే అడవి దేవుళ్లకు మూలం చాలావరకు గాల్ దేశపు (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం) దేవుడు కెర్నున్నోస్. 1710లో పారిస్ నోత్రదామ్ చర్చి కింద తవ్వుతుంటే రాతి స్తంభం ముక్కలు బయటపడ్డాయి. రోమన్ చక్రవర్తి టైబీరియస్ కాలంలో పడవలవాళ్లు నిలిపిన స్తంభం అది. అందులో ఒక రాతి మీద కొమ్ముల తల, దాని పైన ఈ పేరు. పేరు మొదటి అక్షరాన్ని ‘స’గా పలకకండి, లాటిన్‌లో అది ‘క’. ‘కొమ్ముల దేవుడు’ అంటే మనకు వెంటనే రాక్షసుడు మనసులోకి వస్తాడు, నాటకాల్లో రాక్షస వేషాలు అలా చూశాం కాబట్టి. ‘జింక కొమ్ముల దేవుడు’ కూడా కుదరదు. కృష్ణజింక కొమ్ములకు కొమ్మలు ఉండవు, అవి రాలవు. కెర్నున్నోస్‌వి కొమ్మలు చీలినవి, ఏటేటా రాలి మళ్లీ మొలిచే రకం. కాబట్టి ‘దుప్పికొమ్ముల దేవుడు’. తల మీద కొమ్ము ఉన్నా రాక్షసుడు కానివాడు మన కథల్లోనూ ఉన్నాడు కదా: ఋశ్యశృంగుడు. ఋశ్యం అంటే జింక లాంటి ఒక మృగం, శృంగం అంటే కొమ్ము. ఆయన అడుగు పెట్టగానే అంగదేశంలో వాన కురిసిందని బాలకాండ చెబుతుంది. కొమ్ములున్న దేవుడంటే పిల్లలకు భయం కలగకూడదంటే ముందు ఈ కథ చెప్పమనండి.

చివరగా ఒక వర్ణక్రమం. మియెలిక్కికి సంస్కృతం మాటే కావాలని పిల్లలు పట్టుబడితే ‘అరణ్యాని’ అని పేరు పెట్టుకోవచ్చు. సంస్కృతంలో చివర దీర్ఘం, తెలుగులోకి వచ్చేసరికి దేవీ దేవి అయినట్టు హ్రస్వం అవుతుంది. ‘నీ’ అని రాయనక్కరలేదు. అరణ్యానికి ‘ఆనీ’ చేరితే పెద్ద అడవి అని అర్థం, హిమానీ అంటే పెద్ద మంచుకుప్ప అయినట్టు. రాసేటప్పుడు ‘న’కు ఒత్తు పడకుండా చూడమనండి. పడితే అది ‘అరణ్యాన్ని’ అవుతుంది, దేవత పోయి ద్వితీయా విభక్తి మిగులుతుంది.