అర బ్యాండు కోసం ఫిక్స్‌డ్ డిపాజిట్ తీయవచ్చా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా కొండపి ప్రాంతం. సొంత పొలం, కొంత కౌలు కలిపి పొగాకు వేస్తాం, ఆకు ఆరబెట్టే బ్యారన్లు రెండు ఉన్నాయి. మా అమ్మాయి ఒంగోలులో బీటెక్ పూర్తి చేసి, ఇంగ్లండులో ఎంఎస్ చదవాలని ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష రెండుసార్లు రాసింది. మొదటిసారి మొత్తం 6 బ్యాండు (ఆ పరీక్షలో మార్కును అలా అంటారు) వచ్చింది. నెల క్రితం రెండోసారి రాస్తే లిజనింగ్ 7, రీడింగ్ 6.5, స్పీకింగ్ 6, రైటింగ్ 5.5 వచ్చి మొత్తం 6.5 అయింది. విశ్వవిద్యాలయం మొత్తం 6.5తో పాటు ఏ విభాగంలోనూ 6కు తగ్గకూడదంటోంది. ఇప్పటివరకు అయిన లక్షా యాభై వేల ఖర్చుకు ఎనిమిది నెలల క్రితం ప్రోనోటు మీద రెండు రూపాయల వడ్డీకి తెచ్చాను. పొగాకు వేలం డబ్బులో పంట రుణం పోగా మిగిలిన 2,40,000 రూపాయలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఊరికే పడి ఉన్నాయి. అందులోంచి తీసి హైదరాబాదులో మరో మూడు నెలలు బ్యాండు గ్యారంటీ కోచింగ్ ఇప్పించమంటారా, లేక నా భార్య బంగారం పది సవర్లు తాకట్టు పెట్టమంటారా? ఇంటి ఖర్చు నెలకు 22,000 అవుతుంది. ఆరోగ్యశ్రీ కార్డు, ఒక ఎల్‌ఐసీ పాలసీ ఉన్నాయి.

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ‘ఊరికే పడి ఉన్నాయి’ అన్నది. కావలి నుంచి ఒంగోలు దాకా పిల్లలను విదేశాలకు పంపాలనుకునే ఇళ్ళలో ఈ మాట తరచుగా వింటున్నాను కాబట్టే మీ ప్రశ్నకు ఇంత వివరంగా జవాబు రాస్తున్నాను. ఆ డబ్బు ఊరికే పడి లేదు. ఎవరి దగ్గరా అప్పు చేయకుండా మీ ఇల్లు నిలబడగల శక్తి ప్రస్తుతం అదొక్కటే. దానిని పరీక్ష కోసం కదిలించవద్దు. బంగారం సంగతి వేరు, దానికి తరువాత వస్తాను.

ముందుగా, అయిన ఖర్చు ఎటు పోయిందో చూడండి. మీరు జతపరిచిన లెక్క ప్రకారం రెండు పరీక్షల రుసుము కలిపి 36,000, కోచింగ్‌కు 28,000, మూడు నెలల హాస్టల్‌కు 27,000, కన్సల్టెన్సీవారికి రిజిస్ట్రేషన్ పేరుతో 40,000, తక్కిన 19,000 ప్రయాణాలకు, తిండికి, పుస్తకాలకు అయ్యాయి. అంటే లక్షన్నరలో అసలు పరీక్షకు పోయింది పావు వంతు కూడా కాదు. పైగా కోచింగ్‌లో చేరిన వారంలోనే, స్లాట్లు అయిపోతాయని ఎవరో చెప్పగా, మొదటి పరీక్షకు తేదీ తీసుకున్నారు. నారు సిద్ధం కాకముందే నాట్లకు కూలీలను పిలవరు కదా. పరీక్ష దగ్గరకు వచ్చేసరికి మాత్రం తేదీ ముందు వస్తోంది, తయారీ దాని వెనక పరుగెత్తుతోంది. ఆ పరుగుకు కావలసిన డబ్బు వడ్డీ వ్యాపారి దగ్గర నుంచి వస్తోంది.

ఇక అత్యవసర నిధి. ఉద్యోగస్థులకు ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంటే చాలునని డబ్బు విషయాల్లో సలహా ఇచ్చే మాలాంటివారం చెబుతుంటాం. ఏడాదికి ఒక్కసారి, వేలం కేంద్రంలో బేళ్ళు అమ్ముడైనప్పుడే డబ్బు చూసే ఇంటికి ఆ లెక్క సరిపోదు. ఒక పంట దెబ్బతింటే మళ్ళీ డబ్బు కనిపించేది మరుసటి ఏడాది వేలంలోనే కాబట్టి పొగాకు రైతుకు పన్నెండు నెలల ఖర్చు ఉండాలన్నది నా నియమం. నెలకు 22,000 చొప్పున మీకు కావలసింది 2,64,000 రూపాయలు, ఉన్నది 2,40,000. అంటే మీ దగ్గర మిగులు లేకపోగా ఇంకా 24,000 తక్కువే ఉంది. మీరు తీయాలనుకుంటున్న సమయం కూడా మంచిది కాదు. నాట్లు ముందున్నాయి, ఎరువులకు, కూలీలకు పెట్టుబడి ముందుంది, మన తీరానికి తుపానులు ఎక్కువగా వచ్చే అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలూ ముందే ఉన్నాయి. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన జిల్లాలో నాటిన పొగాకు నీట మునిగి, ఎందరో రైతులు మళ్ళీ నారు కొని నాటవలసి వచ్చిన సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. అటువంటి వారంలో మీ ఖాతా ఖాళీగా ఉంటే మీరు వెళ్ళేది మళ్ళీ ఆ ప్రోనోటు ఇంటికే, ఆ రోజు ఆయన రెండు రూపాయలకు ఇవ్వడు.

ఆరోగ్యశ్రీ ఉంది కదా అన్న ధీమా కూడా వద్దు. ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా పేరు మారిన ఆ పథకం ఆసుపత్రిలో నిర్ణీత చికిత్సల ఖర్చు భరిస్తుంది. గుంటూరుకో చెన్నైకో కారు మాట్లాడుకుని వెళ్ళిన ఖర్చు, తోడు వెళ్ళినవారి తిండి, పొలం పనులు ఆగిపోయిన నష్టం మీరే భరించాలి. కూతురు పరదేశంలో ఉన్నప్పుడు ఇంటి దగ్గర ఈ కష్టం వస్తే, ఆ పిల్ల చదువు మధ్యలో ఆపి రావాలా అన్న ప్రశ్న కూడా పుడుతుంది. అటువంటి స్థితిలో ఉన్న కుటుంబాలను నేను చూశాను. వారిలో ఎవరికీ పరీక్షలో మార్కులు తక్కువ కాలేదు, ఇంట్లో డబ్బే తక్కువైంది.

ప్రోనోటు విషయంలో నేను కొంచెం కఠినంగానే మాట్లాడతాను. రెండు రూపాయల వడ్డీ అనగానే చిన్నదిగా వినిపిస్తుంది, కానీ అది ఏడాదికి నూటికి 24. లక్షా యాభై వేలకు నెలకు 3,000 చొప్పున ఎనిమిది నెలల్లో 24,000 రూపాయల వడ్డీ పెరిగింది. మీ అమ్మాయి ఇంకొక పరీక్ష రాయగలిగినంత రుసుము, దారి ఖర్చులతో సహా, ఏ పరీక్షా రాయకుండానే పోయింది. మూడేళ్ళకు కాలదోషం పడుతుందని నోటు తిరగరాయమంటారు. అప్పటికి వడ్డీ 1,08,000 చేరి, కొత్త నోటులో అసలే 2,58,000 అవుతుంది, అక్కడి నుంచి నెల వడ్డీ 5,160. విదేశీ చదువు కోసం విద్యారుణం తీసుకోవడాన్ని నేను తప్పుపట్టను. చదువు ఇంకా మొదలే కాకముందు, ప్రవేశమే దొరకకముందు, ప్రవేశ పరీక్ష కోసం నూటికి 24 వడ్డీకి అప్పు చేయడం మాత్రం నాకు మింగుడు పడదు.

బంగారం తాకట్టు పెట్టవలసి వస్తే అది కోచింగ్ కోసం కాకుండా ఈ ప్రోనోటును చించేయడం కోసం పెట్టండి. అసలు, వడ్డీ కలిపి 1,74,000 తీర్చడానికి పది సవర్లలో కొంత భాగం చాలు. జాతీయ బ్యాంకులో బంగారంపై రుణం సాధారణంగా రూపాయి వడ్డీ లోపే దొరుకుతుంది కాబట్టి, నెలకు 3,000 వడ్డీ పెరుగుతున్నచోట 1,740కి మించదు. తీర్చగానే పాత నోటు చేతికి తీసుకోండి, వెనక చెల్లు రాయించుకుని సరిపెట్టుకోవద్దు. నూటికి 24 అప్పు ఉండగా డిపాజిట్‌ను ఎందుకు ఉంచుకోవాలని మీకు సందేహం రావచ్చు. ఉద్యోగస్థుడు అడిగితే డిపాజిట్ తీసి అప్పు తీర్చమనే చెప్పేవాడిని. నాట్ల ముందు చేతిలో రూపాయి లేకుండా నిలబడే రైతుకు ఆ సలహా ఇవ్వలేను, అందులోనూ ఇంట్లో బంగారం ఉన్నప్పుడు.

పరీక్ష సంగతికి వస్తే, మీ అమ్మాయికి మరో మూడు నెలల పూర్తి కోచింగ్ అవసరం నాకు కనిపించడం లేదు. నాలుగు విభాగాల సగటు 6.25 వస్తే దానిని 6.5గా లెక్కిస్తారు, కాబట్టి మొత్తం మార్కు ఇప్పటికే సరిపోయింది. తక్కువైంది రైటింగ్‌లో అర బ్యాండు. కంప్యూటరు మీద రాసినవారు మొదటి పరీక్ష తేదీ నుంచి 60 రోజుల లోపు ఒక్క విభాగాన్ని మాత్రమే తిరిగి రాసే వీలుంది, దాని రుసుము పూర్తి పరీక్ష కన్నా తక్కువ. మీకు ఇంకా నెల రోజులు గడువుంది. అయితే అలా తిరిగి రాసిన మార్కును తాము అంగీకరిస్తామని విశ్వవిద్యాలయం నుంచి ముందుగా ఈమెయిల్‌లో రాయించుకోవాలి. రాసింది బాగానే ఉందని ఆమెకు గట్టి నమ్మకం ఉంటే పునఃపరిశీలన కూడా అడగవచ్చు. దానికి ఆరు వారాలే గడువు, మార్కు మారితే కట్టిన రుసుము తిరిగి ఇస్తారు.

రైటింగ్‌కు ఇచ్చే 60 నిమిషాల్లో రెండు ప్రశ్నలుంటాయి. పట్టికనో గ్రాఫునో వివరించే మొదటిదానికి కనీసం 150 మాటలు, వ్యాసానికి కనీసం 250 మాటలు రాయాలి, మార్కుల్లో వ్యాసానిదే రెట్టింపు బరువు. గ్రాఫు మీద అరగంట గడిపి వ్యాసాన్ని హడావిడిగా ముగించినవారికి 5.5 రావడం వింత కాదు. ఆమె ఎక్కడ సమయం పోగొట్టుకుంటోందో ముందు తెలుసుకోండి. దానికి హైదరాబాదు హాస్టల్ అక్కరలేదు. ఒంగోలులోనే కాలేజీలో ఇంగ్లీషు చెప్పి పదవీ విరమణ చేసినవారెవరైనా వారానికి నాలుగు వ్యాసాలు దిద్దిపెడితే, వారికి గౌరవంగా ఇచ్చే మూడు నాలుగు వేలు మీ నెల ఖర్చులోనే సర్దుకుంటాయి. గడియారం పెట్టుకుని రాసిన వ్యాసాలు వరుసగా నాలుగైదు 6కు తగ్గకుండా ఉన్నాయని దిద్దినవారు చెప్పాకే తేదీ తీసుకోండి. బ్యాండు గ్యారంటీ ఇస్తామనేవారి మాట నమ్మవద్దు, ఆ పరీక్షను దిద్దేది వారు కాదు. పరీక్ష రాయకుండానే సర్టిఫికెట్ తెప్పిస్తామనే వారెవరైనా తగిలితే అక్కడి నుంచి వెంటనే లేచి రండి, విశ్వవిద్యాలయాలు ఆ మార్కులను నేరుగా ఆన్‌లైన్‌లో సరిచూసుకుంటాయి.

ఉత్తరం చివర ఒక పంక్తిలో మీరు రాసిన సంగతి నాకు అన్నిటికన్నా భయం కలిగించింది. వీసాకు ఖాతాలో చూపించవలసిన మొత్తాన్ని కన్సల్టెన్సీవారు వడ్డీకి సర్దుతామన్నారట. బ్రిటన్ నిబంధన ప్రకారం ఆ డబ్బు వరుసగా 28 రోజులు ఖాతాలో నిలవాలి. ఆ 28 రోజులకు వారు తీసుకునే వడ్డీ, కమీషను మీ అమ్మాయి చదువుకు ఒక్క పూట కూడా పనికిరావు. పైగా ఆ డబ్బు ఎక్కడిదని వీసా అధికారులు అడిగితే చెప్పవలసింది మీరే, కన్సల్టెన్సీవారు కాదు. బ్యాంకు విద్యారుణం మంజూరు చేసిన పత్రాన్ని చూపించే వీలుండగా ఈ జోలికి వెళ్ళవలసిన పని లేదు. ఆ రుణానికి ఉమ్మడి దరఖాస్తుదారు మీరే కాబట్టి మీ పంట రుణం గడువు తప్పకుండా చూసుకోండి.

జనవరి ప్రవేశం తప్పిపోతుందన్న తొందర మిమ్మల్ని వడ్డీ వైపు నెడుతోంది. తప్పితే తప్పనివ్వండి. ఐఈఎల్‌టీఎస్ మార్కు రెండేళ్ళు చెల్లుతుంది, సెప్టెంబరులో మళ్ళీ ప్రవేశాలుంటాయి. ఈలోగా అమ్మాయి ఏదైనా ఉద్యోగం చూసుకుంటే తన పరీక్ష రుసుము తానే కట్టుకోగలదు, వేలం డబ్బుతో మీరు నిధిలో తక్కువైన 24,000 పూడ్చుకోగలరు. పీటీఈ అనే మరో ఇంగ్లీషు పరీక్షకు మారవచ్చా అన్నారు, విశ్వవిద్యాలయం అంగీకరిస్తే మారవచ్చు, కానీ రైటింగ్ బలహీనత అక్కడా వెంట వస్తుంది. ఎల్‌ఐసీ పాలసీని సరెండర్ చేయవద్దు. పొలం తనఖా మాట ఇప్పుడు ఎత్తవద్దు.

ఈ వారంలో బ్యాంకుకు వెళ్ళి బంగారంపై రుణం సంగతి, విశ్వవిద్యాలయానికి ఈమెయిల్ సంగతి పూర్తి చేయండి. విద్యారుణం మంజూరైనాక ఎంత మొత్తం, ఎన్నేళ్ళు, కిస్తీ ఎంత అన్న వివరాలతో మళ్ళీ రాయండి. మీకేదైనా జరిగితే ఆ రుణం మీ భార్య మీద పడకుండా మీ పేరున ఎంతకు టర్మ్ పాలసీ తీసుకోవాలో అప్పుడు లెక్క కట్టి చెబుతాను.