నిత్యజీవితంలో హీరో అంటే ఎవరు? మీకెప్పుడైనా ఎదురుపడ్డారా?

ఎదురుపడ్డాడు. పేరు కూడా అడగలేదు. పైగా ఆ రోజు అతన్ని తిట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

2014 అక్టోబరు 12, ఆదివారం. విశాఖలో ఉన్నవాళ్లకు ఈ తేదీ గురించి వేరే చెప్పక్కర్లేదు, హుద్‌హుద్ తుఫాను. పొద్దుటి నుంచీ ఒక వైపు గాలి, మధ్యాహ్నం కాసేపు అంతా సద్దుమణిగింది. అయిపోయిందనుకుని వీధిలోకి వచ్చాం కూడా. అంతలో రెండో వైపు నుంచి మొదలైంది. సగం చెట్లు ఈ రెండో గాలికే పోయాయి.

ఆ తర్వాత కరెంటు లేదు, మోటార్లు లేవు కాబట్టి నీళ్లు లేవు, సెల్ సిగ్నల్ లేదు. పాల ప్యాకెట్ యాభై రూపాయలకు కొన్నాను. అమ్మినవాడు మా వీధివాడే, రోజూ నమస్తే పెట్టేవాడు. ఇప్పటికీ అతని కొట్టుకి వెళ్లను, అది వేరే సంగతి.

నాకు చిన్న జెరాక్స్ షాపు ఉంది. దాని పెట్రోల్ జనరేటర్ ఇంటికి తెచ్చుకున్నాను. రెండు వైపులా పిన్నులున్న వైరు ఒకటి తయారుచేసి, ఒక చివర జనరేటర్లో, రెండో చివర హాల్లో సాకెట్లో గుచ్చాను. ఇల్లంతా లైట్లు! మెయిన్ ఆపాలన్న ఆలోచనే రాలేదు. వీధిలో అందరూ ఫోన్లు పట్టుకుని మా ఇంటికి ఛార్జింగుకి వచ్చేవారు. నిజం చెప్పాలంటే ఆ నాలుగు రోజులూ మా వీధికి నేనే హీరోననుకున్నాను.

ఐదో రోజు సాయంత్రం లైన్‌మన్లు వచ్చారు. బయటి జిల్లాల నుంచి తెప్పించినవాళ్లు, యాస వింటే సీమవాళ్లని తెలిసిపోయింది. స్తంభాలు నిలబెట్టారు, వైర్లు లాగారు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర లైను విడదీసే ఏబీ స్విచ్ తీసి, సబ్‌స్టేషన్‌లో ఎల్‌సీ, అంటే సప్లై ఆపి పనికిచ్చే అనుమతి, తీసుకుని, ఇక జంపర్, అదే లైన్లను కలిపే తీగముక్క, కలపడమే తరువాయి. ఆ పనికి వచ్చిన లైన్‌మన్‌కి నలభై ఏళ్లుంటాయి. ఎక్కబోయేవాడు ఆగి, కింద ఫ్యూజు పెట్టె దగ్గర కరెంటు ఉందో లేదో చూసే టెస్ట్ ల్యాంపు పెట్టి చూశాడు. పైనుంచి సప్లై లేకపోయినా బల్బు మినుకు మినుకుమంటోంది.

"ఎవురింట్లోనో జనరేటర్ ఉండాది. అది ఆపేదాకా నేను ఎక్కను," అన్నాడు.

జనం ఊరుకుంటారా? ఐదు రోజుల చీకటి, ఉక్కపోత. "ఇంటి కరెంటు నిన్నేం చేస్తుందయ్యా", "పక్క వీధికి ఎప్పుడో వచ్చేసింది" అని ఒకటే గోల. నేను కూడా "చీకటి పడిపోతోంది, కానివ్వండి" అని అరిచాను. అతను ఎవరి మీదా గొంతు పెంచలేదు. "సార్, మీ ఇంట్లో రెండు వందల ముప్ఫై వోల్టులే. అది వెనక నుంచి ఈ ట్రాన్స్‌ఫార్మర్లోకి ఎక్కితే పైన పదకొండు వేలు అయితాది. నాకు ఇద్దరు పిల్లోళ్లు," అని స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు.

అప్పుడు వెలిగింది నాకు. జనరేటర్ రెండు రోజులుగా ఎందుకు మూలుగుతోందో అర్థమైంది. మా స్తంభం మీద మిగిలినవి మూడే ఇళ్లు, నేను కాక మిగతా ఇద్దరూ తాళాలేసి ఊళ్లకు పోయారు. అంటే పక్కింటి ఫ్రిజ్‌కి నేను పెట్రోలు పోస్తున్నానన్నమాట. ఏమీ ఎరగనట్టు ఇంట్లోకి వెళ్లి ఆపేసి వచ్చాను. అతను నా మొహం చూసి, "ఆపినారా?" అన్నాడు. అంతే. అయినా నా మాట నమ్మలేదు, మళ్లీ ల్యాంపు పెట్టి చూసుకుని, లైన్‌ని భూమికి కలిపే ఎర్త్ రాడ్ తగిలించి, అప్పుడు ఎక్కాడు.

అందుకే పేపర్లో "ప్రాణాలకు తెగించి" అని చదివితే నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకు తెగించాలండీ? గ్లవ్స్ ఇవ్వకుండా కాంట్రాక్టు కుర్రాణ్ణి స్తంభం ఎక్కించి, తర్వాత శాలువా కప్పడం మనకి బాగా అలవాటైంది. స్తంభం ఎక్కేవాళ్లు చాలామందే ఉంటారు. వీధంతా మీదపడి అరుస్తుంటే ఎక్కనని కూర్చున్నవాణ్ణి మాత్రం అతనొక్కణ్ణే చూశాను. నా దృష్టిలో హీరో అంటే అతనే, మీరు ఒప్పుకోకపోయినా సరే.

కరెంటు వచ్చినప్పుడు వీధంతా ఈలలు. టీ పెట్టించి తెచ్చేసరికి వాళ్ల వ్యాను మలుపు తిరిగిపోయింది.

ఆ రెండు పిన్నుల వైరు ఆ రాత్రే కోసేశాను. జనరేటర్ కరెంటు వీధి లైన్లోకి పోకుండా ఆపే చేంజోవర్ స్విచ్ పెట్టించడానికి మాత్రం ఇంకో రెండేళ్లు పట్టింది.