ఇంపీరియల్ స్టౌట్ రుచి ఎలా ఉంటుంది, దేనితో బాగుంటుంది?

ఇంపీరియల్ స్టౌట్ అనే నల్లటి బీరులో కాఫీ, డార్క్ చాక్లెట్, కాస్త మాడిన బెల్లం పాకం లాంటి రుచులుంటాయి; వాటికి దీటుగా నిలబడే ఘాటైన చీజ్, పొగబెట్టిన మాంసం, చాక్లెట్ కేకు దీనికి సరైన జోడీ.

18వ శతాబ్దంలో లండన్‌లో తయారై రష్యా రాజదర్బారుకు వెళ్లిన బీరు ఇది, పేరులోని ‘ఇంపీరియల్’ అలా వచ్చిందే. ఆల్కహాల్ సాధారణంగా 8 నుంచి 12 శాతం. బార్లీని దాదాపు నల్లబడేదాకా వేయించడం వల్లే ఆ కాఫీ రుచి (కొందరు నిజంగానే కాఫీ కలుపుతారు, అది వేరే సంగతి). మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) ఎక్కువ వేస్తారు కాబట్టి చిక్కగా, తియ్యగా ఉంటుంది. అయినా వేయింపు చేదు, హాప్స్ అనే పువ్వుల చేదు కలిసి మొహం మొత్తనివ్వవు.

ఉదాహరణకు ఇంగ్లండ్‌లో చేసే స్టిల్టన్ చీజ్ తీసుకోండి. దాని ఉప్పదనం బీరులోని తీపిని పైకి తెస్తుంది, బీరు చేదేమో చీజ్ జిడ్డును నాలుక మీద నిలవనివ్వదు. అదే ఆవిరి మీద ఉడికించిన చేపతో తాగితే చేప రుచే తెలియదు. మరీ చల్లగా తాగినా దండగే, సుమారు 12 డిగ్రీల దగ్గరే వాసనలు బాగా తెలుస్తాయి.

నల్లగా ఉంటే స్ట్రాంగ్ అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. రంగు వేయించిన గింజల నుంచి వస్తుంది, దానికీ ఆల్కహాల్‌కీ సంబంధం లేదు. నల్లటి ఐరిష్ బీరు గిన్నిస్ డ్రాఫ్ట్ సుమారు 4.2 శాతమే, బంగారు రంగులో మెరిసే బెల్జియం బీరు డ్యువెల్ 8.5 శాతం.