స్టెంట్ వేసుకున్నవాళ్లకు మళ్లీ ఛాతీ నొప్పి: గుండెదా, గ్యాస్‌దా?

హన్మకొండలో ఉండే మీ నాన్నగారికి స్టెంట్ (గుండె రక్తనాళం మూసుకుపోకుండా లోపల పెట్టే చిన్న జాలీ గొట్టం) ఉంది, ఇప్పుడు ఛాతీలో నొప్పి, ఈసీజీ నార్మల్ వచ్చింది కాబట్టి గ్యాసేనా అని అడిగారు. ఒక్క ఈసీజీతో ఆ మాట అనలేం. గుండెపోటు మొదట్లో ఈసీజీ మామూలుగానే ఉండొచ్చు, అందుకే కాసేపాగి మళ్లీ తీస్తారు, పాతదాంతో పోల్చి చూస్తారు (పాత ఫైలు తప్పకుండా పట్టుకెళ్లండి, చాలామంది ఇంట్లోనే మర్చిపోతారు). దాంతోపాటు ట్రోపోనిన్ రక్తపరీక్ష. గుండె కండరం దెబ్బతింటే అది రక్తంలో పెరుగుతుంది, కానీ పెరగడానికి కొన్ని గంటలు పట్టొచ్చు, కాబట్టి మొదటిది నార్మల్ అయినా రెండోసారి చేయించాలి.

నడిస్తే, మెట్లెక్కితే బరువుగా పట్టేసి, ఆగితే తగ్గే నొప్పిని గుండెదనే అనుమానించాలి. వేలితో నొక్కితే నొప్పి పెడుతుంటే కండరాలది కావొచ్చు, అయినా గుండె పేషెంట్ విషయంలో దాన్నే నమ్ముకుని కూర్చోవద్దు. ఈనో తాగితే తగ్గిందనో, నాలుక కింద సార్బిట్రేట్ (గుండె నొప్పికి ఇచ్చే మాత్ర) పెట్టుకుంటే తగ్గిందనో తేల్చేయకూడదు. అన్నవాహిక నొప్పి కూడా సార్బిట్రేట్‌తో తగ్గొచ్చు. షుగర్ ఉన్నవాళ్లకైతే అసలు నొప్పే లేకుండా ఆయాసం, చెమటలు మాత్రమే రావొచ్చు.

కూర్చున్నా తగ్గకపోతే ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ కోసం ఆగకండి, వెంటనే 108కి ఫోన్ చేసి వరంగల్‌లోని ప్రభుత్వాస్పత్రి ఎంజీఎంకో, గుండె డాక్టర్లున్న దగ్గరి ఆస్పత్రికో తీసుకెళ్లండి, బైక్ మీద మాత్రం వద్దు.